జీడోడు నిద్రించెను

ఫిబ్రవరి 9, సోమవారం

ఆటలో నా జీడోడు ఓడిపోయాడు. తెర మీద — "జీడోడు నిద్రించెను."

ఒళ్ళు మండిపోయింది. ఫోను గోడకేసి కొట్టాల్సింది. కొట్టలేదు.

చిన్నప్పుడు పగిలిన ఫోనులో నేనూ సామేలూ ఆడిన జంతువులు పట్టే ఆట. సామేలు దాన్ని విప్పి, మన ఊళ్ళు పెట్టి, మన మాటలు పెట్టి, సగంలో వదిలేసి పోయాడు. జంతువు ఓడితే ఇంగ్లీషులో అక్కడ వచ్చేది స్పృహ తప్పడం. అప్పుడే అన్నాను, "సొమ్మసిల్లెను అని రాయరా ఎదవా" అని. నవ్వాడు. "మా సర్చిలో సచ్చిపోయినోల్ని అలాగే అంటార్రా నూకా. మల్లీ లెగుస్తారని."

లేస్తారట.

రోలుగుంట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు — "లెగిసాడు, అట్టుకుపో." ఆటలో సులువే.

ఫిబ్రవరి 11, బుధవారం

కళ్ళలో ఇసుక పోసినట్టుంది. నల్ల అద్దం లేకుండా వెల్డింగ్ చేశానని మేస్త్రీ తిట్లు. భోజనాల దగ్గర మళ్ళీ — "ఏటిరా, ఆ సెల్లులోంచి తల తియ్యవు? పిల్ల గానీ దొరికిందేటి?" అందరూ నవ్వారు. జీడోణ్ణి చూపిస్తే ఇంకా నవ్వుతారు. కాళ్ళున్న జీడిగింజ. కోపమొస్తే జీడినూనె ఉమ్ముతాడు. సామేలు పెంచి నాకిచ్చాడు. వివరాల్లో ఇప్పటికీ ఉంది... పట్టినవాడు: సామేలు.

ఫిబ్రవరి 15, ఆదివారం

సామేలు వాళ్ళమ్మ, మరియమ్మ పిన్ని, రమ్మంది. కొడుకు సమాధి రాయి మీద చెక్కించాల్సిన మాట పాస్టరుగారు రాసిచ్చారట, చదవమంది. "ప్రభువునందు నిద్రించెను."

నోరు ఆగలేదు. "నిద్రేటి పిన్నీ! ఎనక లైటు లేని సెరుకు ట్రాక్టరు గుద్దుకుని..."

పిన్ని కాగితం మడిచింది. "నాకు తెల్దేటి నాయినా. నానే కదా వొల్లు కడిగినాను."

తిట్టినా బాగుండేది.

ఏం చెయ్యాలో తెలియక ఆట తీశాను. మొదటి ఇంట్లో గడప దగ్గర ఒకావిడ నుంచుని ఉంటుంది. పిన్నికి అంత చిన్న అక్షరాలు ఆనవు. నేనే చదివాను — "బేగి రా నాయినా. కూడు సల్లారిపోద్ది."

పిన్ని ఫోను మీదికి వంగింది. తర్వాత, "ఇంకోపాలి నొక్కు."

నొక్కాను. అదే మాట.

"ఇంకోపాలి."

ఫిబ్రవరి 18, బుధవారం

ఆటలో కోటవురట్ల దాటాను. వాడు పోయిన రోడ్డే. ట్రాక్టర్లు పెట్టలేదు అక్కడ. పువ్వులు పెట్టాడు.

ఫిబ్రవరి 19, గురువారం

పాయకరావుపేట. గట్టు మీంచి దూకాను — దూకితే వెనక్కి ఎక్కడం లేదు. కిందే పాము. జీడోడు నిద్రించెను. అలవాటు కొద్దీ సేవ్ చేసేశాను, బుర్ర లేదు నాకు. మిగతా జంతువులున్నాయి. వాటితో నాకేం పని.

రోలుగుంటకి వెనక్కి పోలేను, ఇక్కడ ఆసుపత్రి తలుపు తెరుచుకోదు. బొమ్మే. తాండవ వంతెన మీద ఒక కుర్రాడు అడ్డంగా — "అవతల ఇంకా కట్నేదు. ఆగు మావా."

ఎన్నాళ్ళు ఆగాలిరా?

పొద్దంతా ఊరందరి గేట్లు అతుకుతాను. వీడి తలుపు ఒక్కటి...

ఫిబ్రవరి 22, ఆదివారం

సామేలు ఆట తయారుచేసిన లాప్‌టాప్ పిన్ని దగ్గరే ఉంది. బ్యాటరీ చచ్చింది, తీగ ఊడితే ఆరిపోతుంది. ఆటలో ఆ ఆసుపత్రి తలుపు తెరవడం కష్టమేమీ కాదు. నాకు బళ్ళో ఎవడూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను.

తెరిచాను. లోపల గది నల్లగా. నర్సు నుంచుని ఉంది. మాటల పెట్టె ఖాళీ. వాడు రాయాల్సిన మాట.

నేను రాస్తే అది వాడి ఆట కాదు. రాయకపోతే జీడోడు లేవడు.

"లెగు" అని కొట్టాను. చెరిపేశాను. "లెగరా."

తెర మీద — మార్పులు సేవ్ చెయ్యాలా? అవును. కాదు.

వంటగదిలోంచి పిన్ని — "నూకరాజూ, బేగి రా నాయినా. కూడు సల్లారిపోద్ది."

లేచాను. ఏదీ నొక్కలేదు. తిన్నాను. చేపల పులుసు. ఇంకొంచెం వేసింది, వద్దనలేదు.

వచ్చేటప్పుడు చూశాను. అదే ప్రశ్న, వెలుగుతూ. తీగ తియ్యొద్దని చెప్పాను పిన్నికి.

ఈ రాత్రి కరెంటు పోకూడదు.