ముల్లు లేని ముచ్చిక

అక్కా,

మన వంగ రకం మీద మనకు హక్కు పత్రం వస్తుందో రాదోనని నువ్వు అక్కడ దిగులుపడుతూ ఉంటావు. నిన్న అమ్మతో వెళ్లి పరీక్ష మడులు చూసొచ్చాను.

మనం పంపిన గింజల్ని ఆ పత్రం ఇచ్చేవాళ్లు తమ నేలలో, పాత రకాల పక్కనే వేసి చూస్తారట. మనది వాటన్నిటికన్నా వేరుగా ఉండాలి. మన మొక్కలు మాత్రం అన్నీ ఒకేలా ఉండాలి. లేదంటే దరఖాస్తు చెల్లదు.

మడులకు పేర్లు లేవు, అంకెలే. అమ్మ ఎవరినీ అడక్కుండా తిన్నగా మన వరుస దగ్గరికే వెళ్లి, కాయల ముచ్చికలు తడిమింది. ఒక్క ముల్లు లేదు! మన పెరటి మన్ను కాదు, మన బావి నీళ్లు కావు. అయినా అమ్మ మాట విన్నాయి అక్కా!

గుర్తుందిగా, ప్రతి కాపులో ముల్లు లేని మొక్కను వెతికి, విత్తనానికని ఎర్రదారం కట్టేది. దాని కాయ ముట్టుకుంటే వీపు చీరేస్తాననేది. నిన్న కూడా అలవాటుకొద్దీ కొంగుముడిలోంచి దారం తీసింది.

"కట్టకండమ్మా!" అంటూ పరీక్షాధికారిణి కంగారుగా వచ్చింది.

అమ్మ వినిపించుకోకుండా వరుస చివరిదాకా నడిచి, ఒక్కో మొక్కా చూసి, దారంతోనే తిరిగొచ్చింది.

"దేనికని కట్టనే తల్లీ? అన్నీ అదే అయితేనూ!" అంది.



ఆ దారం ఈ కవరులో పెడుతున్నాను. ఇక దాంతో పని లేదంటోంది అమ్మ.

నీ చెల్లి