గల్లాలో స్వామి వాటా

2 ఆగస్టు 1999, సోమవారం

మొదటి జీతం. పద్దెనిమిది వందలు. కవరు అందుకుంటూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వానట. నాతోపాటు కంప్యూటర్ సెంటర్లో టాలీ చెప్పే ఐశ్వర్య సాయంత్రం దాకా ఏడిపించింది.

ఇంటికి రాగానే మునిప్రసాద్ కవరు తీసుకున్నాడు. మా ఆయన. పెళ్లయి పది నెలలు. నూట ఎనభై లెక్కపెట్టి పక్కన పెట్టి, ఇది స్వామిది అన్నాడు. పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం కింద పసుపు గుడ్డ మూట ఒకటి ఉంది. ముడి విప్పకుండా సందులోంచి నోట్లు లోపలికి దూర్చాడు. ఇంట్లోకి వచ్చే ప్రతి రూపాయిలో పదోవంతు స్వామిదట. మా నాయన పెట్టిన నేమం, నీ రూపాయి ఏమన్నా వేరే రూపాయా అన్నాడు.

నన్ను అడగలేదు. అడిగితే ఇచ్చేదాన్నే.

7 ఆగస్టు

ఆ మూటను ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదట. పెరటాసి నెలలో మూడో శనివారం కొండకు మోసుకుపోయి హుండీలో వేసేదీ ఆయనేనట. ఒక్కడే. ఎవరూ తోడు పోరు. ఎవరూ చూడరు.

19 ఆగస్టు, గురువారం

గ్యాస్ అయిపోయింది. సిలిండర్‌కు డబ్బుల్లేవు, సోమవారం దాకా కట్టెల పొయ్యి మీద సర్దుకోమన్నాడు.

మధ్యాహ్నం అన్నం క్యారియర్ తీసుకుని షాపుకు వెళ్లాను. హైరోడ్డులో మా షాపు ముందు నిలబడడానికి చోటు లేదు. మామగారు పరంధామయ్య ఉన్నప్పుడు అక్కడ కాలిపోయిన మోటార్లకు కాయిల్ చుట్టడం ఒక్కటే పని. ఈయన వచ్చాక మూడేళ్లుగా పంపుసెట్లు, పైపులు కూడా అమ్ముతున్నాడు. రైతులు పైపులు భుజాన వేసుకుని పోతున్నారు. గల్లాపెట్టె మూత పడటం లేదు.

మరి గ్యాస్‌కు ఎందుకు లేదు?

ఐశ్వర్యతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. వాళ్ల మామ ఒకాయన పదకొండేళ్లు నగరిలో చిన్నిల్లు నడిపాడట. ఇంట్లో మాత్రం ఎప్పుడూ టీపొడికి కూడా కటకటేనట. మొగోడి జోబీ ఖాళీగా ఉండాదంటే ఇంకో జోబీ యాడో నిండతా ఉండాదని అర్థం మే, అంది.

23 ఆగస్టు

చొక్కా జేబులు వెతికాను. సిగ్గేసింది. అయినా వెతికాను. నగరి బస్సు టికెట్ దొరికింది.

అడిగితే, మరమగ్గాల వాళ్ల మోటార్లు చుట్టిచ్చినాను, బాకీ వసూలుకు పోయినాను అన్నాడు. తడుముకోకుండా అన్నాడు. అంత గబుక్కున జవాబు రావడమే నాకు నచ్చలేదు.

3 సెప్టెంబరు, శుక్రవారం

సహకార బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇచ్చాడు. బంగారు గాజులు నాలుగు, కుదువ, వడ్డీతో కలిపి పద్నాలుగు వేల రెండు వందలు. అక్టోబరు అయిదులోగా కట్టకపోతే వేలం.

మా అమ్మ పెళ్లికి పెట్టిన గాజులు. లాకర్లో భద్రంగా ఉన్నాయని చెప్పాడు. మొన్న వరలక్ష్మీ వ్రతానికి అడిగితే, తిరునాళ్లలా జనం, దొంగల భయం అన్నాడు. నేను రోల్డ్‌గోల్డ్ వేసుకుని పేరంటానికి వెళ్లాను.

నోటీసు ఆయన కంచం పక్కన పెట్టాను. పైపుల కంపెనీకి అడ్వాన్స్ కట్టాల్సి వచ్చిందట. మరి షాపు డబ్బంతా ఎవరికి పెడుతున్నావు, ఆ మనిషి పేరు చెప్పు అన్నాను.

ఏ మనిషి? అన్నాడు. నిజంగా అర్థం కానట్టే మొహం పెట్టాడు. షాపు నోటు బుక్కులు మూడు తెచ్చి నా ముందు పడేశాడు. బీకాం సదివినావు కదా, నువ్వే సూసుకో అన్నాడు. తర్వాత, అదేదో గొప్పలా, గాజులన్నా కుదువ పెట్టినాను గాని స్వామి మూట మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు అన్నాడు.

5 సెప్టెంబరు, ఆదివారం

పొద్దుటి నుంచీ నోటు బుక్కులే.

ఆడమనిషి లేదు. పేకాట లేదు. నగరి బాకీలు కూడా నిజమే, వసూలైన ప్రతి రూపాయీ రాసి ఉంది.

ప్రతి రోజూ చివరి లైను ఒకటే. గల్లా ఇంత, స్వామికి ఇంత. గల్లా పదహారు వందలు, స్వామికి నూట అరవై. ఒక్క రోజు తప్పలేదు.

మామగారి కాలంలో ఇది సరిగ్గా ఉండేది. మోటారు చుట్టినందుకు వచ్చేదంతా కూలి. గల్లాలో పడిందంతా ఆయన సంపాదనే, అందులో పదోవంతు తీశాడు. ఇప్పుడు గల్లాలో పడేది పైపుల ఖరీదు. వంద రూపాయల పైపు అమ్మితే కంపెనీకి ఎనభై ఎనిమిది పోను మాకు పన్నెండు. అందులో పది స్వామికి తీస్తున్నాడు.

మాకు రెండు.

మూడేళ్లుగా.

పెన్ను కింద పెట్టి గట్టిగా నవ్వేశాను. నా సవతి ఎవరో తెలిసింది.

6 సెప్టెంబరు

చెప్పాను. పైపు, కంపెనీ, పన్నెండు, పది, రెండు, అన్నీ కాగితం మీద వేసి చూపించాను. ఆయనకు అర్థమైంది. అర్థమైన క్షణం మొహం తెల్లబోయింది. వెంటనే చెంపలు వేసుకున్నాడు.

మామగారు ఒక ఏడాది చేతిలో డబ్బాడక మూట కట్టడం పక్కకు పెట్టి కొండకు పోలేదట. ఆ కార్తీకంలోనే పోయాడట. ఆస్పత్రిలో ఈయన చెయ్యి పట్టుకుని, గల్లాలో పదోవంతు ఆపొద్దురా అబ్బోడా అన్నాడట. మా నాయన గల్లా అన్నాడు నందినీ, లాభం అనలేదు, అన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి. వాళ్ల నాయన పట్టుకున్నట్టే నా చెయ్యి పట్టుకున్నాడు.

గాజుల మీద కోపం ఆ పట్టు దగ్గర ఆగిపోయింది. నాకిది నచ్చలేదు. కోపంగానే ఉండాలనుకున్నాను.

20 సెప్టెంబరు

పెరటాసి వచ్చింది. ఆయన సగం అన్నం వదిలేస్తున్నాడు.

మా అత్త నాగరత్నమ్మ వక్క కొరుకుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె ఎవరి వైపో తెలియడం లేదు. ఈ రోజు ఉన్నట్టుండి, మీరిద్దరూ కొట్లాడుకునేదెందుకు, వాటా తీసుకునే ఆయన్నే అడిగితే పోలా? అంది. పటం ముందర రెండు చీటీలు వేద్దాం, ఆయన ఏది ఇస్తే అదే నేమం, మళ్లీ నోరెత్తకూడదు ఇద్దురూ అంది.

ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నేనే ఆలోచించాను. చీటీ తప్పు పడితే గాజులు పోయినట్టే. గాజులతో ఆగదు.

24 సెప్టెంబరు, శుక్రవారం

చీటీలు వేశాం.

ఆయన రాత కోడి గీకినట్టుంటుంది, నన్నే రాయమన్నారు. వంటింట్లో కూర్చుని రాశాను. ఒక చీటీలో, సరుకు ఖరీదు పోను మిగిలినదాంట్లో పదోవంతు. రెండో చీటీలో, గల్లాలో పదోవంతు అని రాయాలి.

రెండింట్లోనూ మొదటిదే రాశాను.

ఒకే సైజులో మడిచి కుంకుమ పళ్లెంలో వేశాను. కర్పూరం వెలిగింది. అత్త కళ్లు మూసుకుని ఒకటి తీసింది. కళ్లజోడు లేదు, కొడుక్కే ఇచ్చింది. ఆయన పైకి చదివాడు. మళ్లీ లోపల చదువుకున్నాడు. పటం ముందు సాష్టాంగ పడి, ఎంతకీ లేవలేదు. అత్త వీపు నిమురుతూ, సూస్తివా, ఆయన మరీ అంత ఆశపోతు కాదురా నాయనా, అంది.

నేను హారతి కళ్లకద్దుకోలేదు.

26 సెప్టెంబరు

మూట విప్పారు. ఏడాదికి నలభై నాలుగు వేల పైచిలుకు. పైపుల లాభం, మోటార్ల కూలి, నా జీతం కలిపి చూస్తే న్యాయంగా స్వామికి పోవాల్సింది ఎనిమిది వేల ఎనిమిది వందలు. అందులో నా రెండు జీతాల నుంచి మూడు వందల అరవై. జీతమంతా సంపాదనే కాబట్టి ఈ ఇంట్లో సరిగ్గా వాటా ఇచ్చింది నేనొక్కదాన్నే.

గాజులు రేపే విడిపించమన్నాను. ముందు స్వామికి చేరాలి, తర్వాతే మనకు అన్నాడు. వేలానికి ఇంకా తొమ్మిది రోజులు.

రెండో చీటీ కనపడటం లేదు. పళ్లెంలో లేదు. పటం వెనక లేదు. చెత్తబుట్ట బోర్లించాను. అత్తను అడిగితే, నేనేల తీస్తాను మే అని నా కళ్లలోకి చూసింది. ఎందుకలా చూసింది?

మొన్నటిదాకా ఆయన జేబులు వెతికాను. ఇప్పుడు ఈ ఇంట్లో దొంగను నేను.

2 అక్టోబరు, శనివారం

తెల్లవారుజామునే మూటతో కొండకు పోయాడు. ఒక్కడే.

4 అక్టోబరు, సోమవారం

గాజులు వచ్చాయి. బ్యాంకు నుంచి నేరుగా సెంటర్‌కే తెచ్చాడు. గుండు, గుండు మీద గంధం. ఐశ్వర్య చూస్తుండగానే తొడిగాడు.

హుండీలో వేసినావా అని అడిగాను.

వేసినాను అన్నాడు. మూటా, దాంతోబాటు ఆ చీటీలు రెండూ. ఇంట్లో ఉంటే అమ్మ ఎవురి చేతనన్నా సదివిస్తాదని.