మనిద్దరి బ్యాండు టొరంటో వచ్చింది

స్కార్‌బరో,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు,

నీ చెల్లెలు స్రవంతి నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను, మాటవరసకు కాదు, నిజంగానే. అమ్మ మోకాలు ఎలా ఉంది? వదిన బాగుందా? చిన్నది నన్ను ఫొటోలో గుర్తుపడుతోందా? మొన్ననేగా ఫోన్‌లో మాట్లాడాం, మళ్ళీ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. గిటారు మాటెత్తగానే నువ్వు "సరేగానీ, తిన్నావా?" అంటావు. కాగితాన్నైతే మధ్యలో ఆపలేవు కదా.

తింటున్నాను. రూములో ముగ్గురం వంతులవారీగా వండుకుంటున్నాం. నా పప్పులో కారం చాలదని మిగతా ఇద్దరూ గోల. నిన్ననే ఈ చలికాలపు మొదటి మంచు పడింది. నువ్వు కొనిచ్చిన స్వెట్టరు కోటు లోపల వేసుకుంటున్నాను, దిగులుపడకు. పార్ట్ టైమ్ పని అదే, సిటీలో చిన్న మ్యూజిక్ హాలు. వచ్చినవాళ్ళ కోట్లు తీసుకుని టోకెన్లిస్తాను, వెళ్ళేటప్పుడు తిరిగిస్తాను. కష్టమేం లేదు.

అసలు సంగతి ఇది. వెట్ అంబ్రెల్లాస్ గుర్తున్నారా? నేను ఇంటర్‌లో ఉండగా డాబా మీద చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. ఇంగ్లండులో ఎప్పుడూ వాన పడే ఊరు, రేకుల షెడ్డు, నీ వయసు పిల్లలు నలుగురు. డ్రమ్ములు లేక ఒకడు బిస్కెట్ డబ్బా వాయించేవాడు. ఆ వీడియో చూసినవాళ్ళు వందమంది కూడా లేరు. "ఖమ్మం మొత్తంలో మనిద్దరికే తెలుసు చెల్లీ" అని ఎంత గర్వపడ్డావో! ఆ పాటే నువ్వూ నీ జతగాడు నవీనన్నా నేర్చుకుని మీ కాలేజీ యాన్యువల్ డేలో వాయించారు. సగంలో కరెంటు పోయింది. మైకు లేకుండానే మీరిద్దరూ చివరిదాకా పాడారు. వెనకవాళ్ళు గోల చేస్తున్నారు. ముందు వరుసలో నాకు మాత్రం ప్రతి మాటా వినబడింది.

పోయిన ఫిబ్రవరిలో వాళ్ళు మా హాలుకే వచ్చారు. ఇంకో బ్యాండుకి ముందు అరగంట పాడడానికి. వినేవాళ్ళు యాభైమంది ఉంటారేమో. పాడే అమ్మాయి మెగన్‌కు గొంతు పూర్తిగా పట్టేసింది. నా ఫ్లాస్కులో మిరియాల కషాయం ఉంటే పోసిచ్చాను. తాగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇదేంటి, నిప్పా?" అంది. పాట మాత్రం పాడింది.

తర్వాత సంగతి నీకూ తెలిసే ఉంటుంది. వేసవికల్లా ఇక్కడ కాఫీ షాపుల్లో వాళ్ళ పాటే, బస్సులో పక్కవాళ్ళ ఫోన్లలో వాళ్ళ పాటే. పోయిన వారం మళ్ళీ వచ్చారు. ఈసారి మా హాలు ఏ మూలకూ చాలదు, సరస్సు ఒడ్డున పెద్ద హాలు. కోట్ల దగ్గర మనుషులు కావాలంటే నన్నూ పంపారు. మధ్యాహ్నం మైకులు సరిచూసుకుంటుండగా మెగన్ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "నిప్పు అమ్మాయివి కదా!"

నీ గురించి చెప్పాను. మా అన్నయ్య మీ పాట షెడ్డు రోజుల నుంచీ వాయించేవాడన్నాను.

"ఆ షెడ్డు టామ్ వాళ్ళది. డబ్బా వాయించింది వాడే" అంది.

"ఇప్పుడు టామ్ రాలేదా?"

మెగన్ తల అడ్డంగా ఊపింది. "పోయినేడాది చిన్న విషయానికి గొడవపడ్డాం. ముందు వాడే ఫోన్ చేయాలని నేను, నేనే చేయాలని వాడు. ఇంతలో ఇదంతా అయింది. ఇప్పుడు చేస్తే, గొప్ప చెప్పుకోవడానికి చేశాననుకుంటాడు."

సాయంత్రం మన పాట మొదలవగానే వేలమంది గొంతు కలిపారు. నేను కోట్ల మధ్య నిలబడి ఏడ్చేశాను. సంతోషమే అన్నయ్యా. కానీ మనింట్లో వస్తువేదో ఎవరో పట్టుకుపోయినట్టు కూడా అనిపించింది. కొత్త డ్రమ్మరు బాగా వాయించాడు, చాలా బాగా. నా చెవులు మాత్రం ఆ డబ్బా చప్పుడు కోసమే వెతికాయి.

మర్నాడు నవీనన్నకు ఫోన్ చేశాను. కోప్పడకు. మీరిద్దరూ మాట్లాడుకోక మూడేళ్ళు. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు తను ఏమన్నాడో, నువ్వేమన్నావో నాకు సగమే తెలుసు. మిగతా సగం అడగను. నా గొంతు పోల్చుకుని ముందు అమ్మ ఎలా ఉందన్నాడు. తర్వాత, "మీ అన్న ఇంకా గిటార్ వాయిస్తుండా?" అన్నాడు. అది మీరే అడగండన్నాను.

"నేను చేస్తే ఎత్తుతడా?"

ఎత్తుతాడని మాటిచ్చేశాను. నిన్నడక్కుండానే ఇచ్చాను. ఈ ఉత్తరం నీకు చేరాక, నెలాఖరులో చేయమన్నాను.

అమ్మ పాదాలకు నా నమస్కారాలు చెప్పు. పై నెలలో పరీక్షలు, అందరూ నన్ను దీవించండి. వదినను కాస్త గోంగూర పచ్చడి ఎవరైనా వస్తుంటే పంపమను. చిన్నదానికి ముద్దులు.

నీ మీద నమ్మకంతో మాటిచ్చిన చెల్లి,
స్రవంతి