యలహంకలో కింది వాటా

అంజనమ్మా, ఆవుకు మేత వేశాను. సాయంత్రం పాలు నువ్వే డెయిరీలో పోసిరా. నేను యలహంక పోతున్నాను. మన అమ్మాయి సహన కాలేజీ కోసం మనం చూసిన మేడమీది ఇల్లు వద్దని చెప్పి, అదే వీధిలో ఇంకొకరి కింది వాటా మాట్లాడి వస్తాను. బాడుగ ఎక్కువే. ఇక్కడ పాలు అమ్మే మనం అక్కడ కొనుక్కోవాలి, కరివేపాకుకూ డబ్బే. అయినా రాగులు, కందులు మన చేనివే కదా, జరిగిపోతుంది. భయపడొద్దు.

మేడమీద రోలు పెడితే చప్పుడని ఆ ఇంటామె, "మిక్సీ లేదేమమ్మా మీకు?" అంది. నువ్వు తలూపి వచ్చేశావు.

కింద రోలు పెట్టుకోవచ్చట. మిక్సీలో ఊరిబిండి పచ్చడి వేసిన రోజు నువ్వు రెండో రాగిముద్ద పెట్టుకోవు. నేను చూస్తూనే ఉన్నాను.