తీసేసిన పసుపు

నరసరావుపేట

ప్రియమైన హమీదా అక్కకు,

నీ చెల్లెలు ముస్కాన్ సలాం. నీతో ఫోన్లో మాట్లాడనని నాన్నకు మాటిచ్చాను గానీ, రాయనని ఇవ్వలేదు. అందుకే ఈ ఉత్తరాన్ని కెమెరా కార్డుతో కలిపి బస్సు పార్శిల్లో వేస్తున్నాను. నిన్ను మంచం దిగొద్దన్నారని జోయెల్ బావ అమ్మకు కబురు చేశాడు. ఈసారన్నా నీకు బిడ్డ దక్కాలని అమ్మ ప్రతి నమాజులో అడుగుతోంది.

తమ్ముడు ఖాసిం పెళ్లి కుదిరింది. నువ్వు ఎటూ రాలేవు. రాగలిగినా నాన్న గడప తొక్కనిచ్చేవాడు కాదు. నువ్వు బావను చేసుకుని వెళ్లిన రోజు నుంచి ఆయన నోట నీ పేరు రాలేదు. పెళ్లంతా నేనే తీసి నీకు పంపుతాను. ఇక్కడ ఆడవాళ్ల వైపు వీడియోలు తీసేది నేనే కదా, మనింటి పెళ్లికి ఇంకొకరెందుకు?

కొత్త కెమెరాలో నువ్వు బావతో చెప్పించినట్టు, రంగులు తర్వాత దిద్దుకోవడానికి లాగ్ పెట్టి తీస్తే బొమ్మంతా బూడిద చల్లినట్టుంది. లట్ వేస్తే రంగులు సరిగ్గా వస్తాయన్నావు, అది పంపు. ఇంకో సంగతి. పెళ్లికి వచ్చే ఒక పెద్దావిడ ఒళ్లు కెమెరాలో మరీ పసుప్పచ్చగా పడుతోంది. నాన్న అప్పుడే వేయించిన షామియానా గుడ్డ వల్ల అనుకుంటా. నీకు తెలియడానికి ఆవిడ చేయి ఒక్కటే తీసి కార్డులో పెట్టాను. ఆ పసుపు పోయేట్టు చెయ్యగలవా?

నీ చెల్లి,
ముస్కాన్


హైదరాబాదు

ప్రియమైన ముస్కాన్‌కు,

కార్డు అందింది. స్టూడియోకు సెలవు పెట్టినా వీడియోలకు రంగులు దిద్దే పని నన్ను వదల్లేదు. పక్కమీదే లాప్‌టాప్ పెట్టుకుని చేశాను.

లట్ అంటే ఒక పట్టిక. కెమెరాకు అందిన ఒక్కో రంగుకూ బదులుగా ఏ రంగు చూపించాలో అందులో ఉంటుంది. నీకు రెండు పంపుతున్నాను. ఒకటి అందరికీ, రెండోది ఆ పెద్దావిడకు. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, ఈ ఫైళ్లు అందులో వేసుకో. తర్వాత మెనూలో యూజర్ లట్ దగ్గరికి వెళ్లి ఎక్కించుకో. రెండోది మాత్రం చూసి వాడు. అది మనిషి ఒంటి పసుపునొక్కదాన్నే తియ్యదు, ఎదురుగా ఉన్న పసుపునంతా తీసేస్తుంది.

ఆ పెద్దావిడను నా కోసం కాస్త ఎక్కువసేపు తియ్యి. నవ్వేటప్పుడు తియ్యి. నిలబెట్టకు, కూర్చోబెట్టి తియ్యి.

అమ్మకు నా సలాం చెప్పు. నేను బాగానే ఉన్నానని చెప్పు.

ప్రేమతో,
నీ అక్క హమీదా


నరసరావుపేట

ప్రియమైన అక్కా,

ఆపరేషన్ కుట్లు మానేదాకా నీకు చెప్పొద్దని బావ అన్నాడు. నిన్న చెప్పాడట. నువ్వు బిడ్డను దగ్గరికి తీసుకుని గోడవైపు తిరిగావట. ఇంక నేను రాయక తప్పదు.

కార్డులో ఉన్న చేయి అమ్మది. కాలేయంలో గడ్డ ఉందని, ఒళ్లు పచ్చబడింది అందుకేనని, చేసేదేమీ లేదని గుంటూరులో పెద్ద డాక్టరు పెళ్లికి ముందే చెప్పేశాడు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నన్నిట్లా చూస్తే అది మంచం దిగి వచ్చేస్తది. బిడ్డ పోతది. నా ఒంటి రంగు దాని కంట పడనీయమాకే" అంది. నీకు షామియానా గుడ్డ అని రాసింది అందుకే.

లట్ వెయ్యని అసలు బొమ్మ కార్డులో ఉంటే నీకు తెలిసిపోతుందని, అమ్మ ఉన్న చోటల్లా నీ రెండో లట్‌ను రికార్డులోనే కలిపేసి తీశాను. హల్దీ రోజు గిన్నెలో పసుపు మైదాపిండిలా పడింది. అమ్మ మొహం మాత్రం మునుపటిలా ఉంది. చూపిస్తే, "చానా బాగున్నానే" అని మళ్లీ పెట్టించుకుని చూసింది.

పెళ్లయిన వారానికి, నిన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్లిన రోజే, పోయింది. ఆడపిల్ల పుట్టిందని బావ ఫోన్ చేస్తే అమ్మ చెవిలో చెప్పాను. విన్నదో లేదో నాకు తెలియదు.

పెళ్లి వీడియో ఈ ఉత్తరంతో పంపే కార్డులో ఉంది. చూడాలనిపించినప్పుడు చూడు.

నీ
ముస్కాన్


హైదరాబాదు

ప్రియమైన ముస్కాన్‌కు,

ఏడవకు. నువ్వు నన్ను మోసం చెయ్యలేదు. బొటనవేలిని అరచేతిలోకి ముడుచుకుని కూర్చునేది అమ్మ ఒక్కతే. ఆ చేయి ఎవరిదో చూడగానే తెలిసింది. ఆ పసుపు గుడ్డ నుంచి పడింది కాదని కూడా తెలిసింది. రంగులతో బతికేదాన్ని, నాకెట్లా తెలియదు?

ఆ రోజే నాన్నకు ఫోన్ చేశాను. ఎత్తుతాడనుకోలేదు. అమ్మకు ఏమైందని అడిగాను. "నీకు తెలిసిందని మీ అమ్మకు తెలియనీయమాక. బిడ్డ బతికిందని వినాలని దాని ఆశ" అని పెట్టేశాడు. ఆ తర్వాతే నీకు లట్‌లు చేసి పంపాను. అమ్మ నా కోసం దాచింది, నేను అమ్మ కోసం ఏమీ తెలియనట్టు ఉన్నాను. మేమిద్దరం మాట్లాడుకోవాల్సిన రోజులు అట్లాగే అయిపోయాయి.

నిన్న నాన్న వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. నీకు చెప్పి ఉండడు. జోయెల్ కుర్చీ వేస్తే కూర్చుని బిడ్డను చూశాడు, ఎత్తుకోలేదు. పెళ్లి వీడియో పెట్టమన్నాడు. అమ్మ నవ్వుతుంటే ముందుకు వంగి చూసి, "ఆ రోజు మీ అమ్మ ఇట్లా లేదు. ఈ రంగు తీసెయ్యి" అన్నాడు.

రికార్డులో కలిసిపోయాక అసలు రంగు వెనక్కి రాదని చెప్పాను. అయినా ఆయన అడుగుతున్నాడని పసుపు పెంచి చూశాను. గోడలు, ఖాసిం షేర్వానీ, అన్నీ పచ్చబడ్డాయి. అమ్మ మొహం రంగు పూసిన బొమ్మలా అయింది. నాన్న ఆపమన్నాడు.

కాసేపటికి కుర్చీని నా మంచం దగ్గరికి జరుపుకున్నాడు. తలవంచుకుని, అమ్మ ఎట్లా ఉండేదో తనే చెప్పడం మొదలుపెట్టాడు. కళ్లలో తెలుపు నిమ్మపండు రంగుకు తిరిగిందట. గోళ్లు ఇంకా ముదురుగా ఉండేవట. "పాదాలు మటుకు కడదాకా మామూలుగానే ఉండయ్యమ్మా. రోజూ నేనే పట్టేవాణ్ణి" అన్నాడు.

నేను కళ్లు మూసుకుని విన్నాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు.

నీ అక్క,
హమీదా