గుమ్మం ముందు చెప్పులు

సాంబన్నా,

నువ్వు పోయి నేటికి నెల. మన కాలేజీ కంప్యూటర్‌కు బొమ్మలు గీసే ప్లాటర్ వచ్చింది. దాన్ని నడిపే ప్రోగ్రామును నువ్వు చెప్పినట్టే విడి లైబ్రరీగా, మిషన్ మొత్తాన్ని నడిపే కెర్నల్‌కు బయటే రాశాను.

హెడ్ సారుకు నచ్చలేదు. "గీత గీతకు ఆగుతాంది. డ్రైవర్ రాసి కెర్నల్ల పెట్టు. ఇయ్యాల్నే ఎక్కించాలె," అన్నాడు.

"బయటుంటే తప్పైనా అదొక్కటే ఆగుతది సార్. లోపల తప్పైతే మిషన్ మొత్తం పడిపోతది, అందరి పని పోతది."

"జర ధైర్యం చెయ్యవయ్యా."

ప్లాటర్‌ను కెర్నల్ లోపలి నుంచే నడిపే ఆ డ్రైవర్ ప్రోగ్రాము రాశాను. ఎన్నిసార్లు చదివినా భయం పోలేదు. కంప్యూటర్ ఉన్న ఏసీ గది బయట చెప్పులున్నంతసేపు లోపల ఎవరో పని చేస్తున్నట్టేనని, మార్చేవాడివి తప్ప గుమ్మం ఖాళీ అయ్యాకే కెర్నల్ మార్చాలని నువ్వు పెట్టిన పద్ధతి ఎట్లా మరుస్తాను? సాయంత్రం అందరినీ పంపించి, లోపలి నుంచి తలుపు తీసి చూశాను.

నా చెప్పుల పక్కన నీవి. ఆ రోజు నువ్వు లోపల కుప్పకూలితే దవాఖానకు మోసుకుపోయాం. చెప్పుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఊడ్చే మల్లమ్మ రోజూ వాటిని పక్కకు జరిపి, మళ్లీ అక్కడే పెడుతోందట.

తలుపు మూసి వచ్చి కూర్చున్నాను. డ్రైవర్ ఎక్కించలేదు. పొద్దున సారు అడిగితే, లోపల ఇంకా ఒకరు పని చేస్తున్నారని చెబుతాను.

నీ తమ్ముడు