నాన్న గిటారు అసలుదేనా?

నాష్‌విల్, మంగళవారం

ఓపల్ అక్కకు,
ఇద్దరం క్షేమంగా ఉన్నాం. నాన్న ఇవాళ కాస్త తిన్నాడు.

పొద్దున గిటారును పాత గిటార్ల ఖరీదు కట్టే ఆయన దుకాణానికి తీసుకెళ్ళాం. ఉన్న ఒక్క ట్రాక్టరూ ఇచ్చి నకిలీ గిటారు తెచ్చుకున్నాడని ఊరంతా నాన్నను చూసి నవ్వడమే దారంతా గుర్తొచ్చింది. దుకాణం ఆయన మరలు విప్పి గిటారు మెడను ఊడదీస్తుంటే, నాన్న చూడలేక బయటికి వెళ్ళిపోయాడు. ఆయన లోపలికి దీపం పట్టి మూలమూలా చూశాడు.

"దీన్లో ఎవరూ వేలు పెట్టలేదమ్మా. రంగు, మెడ, లోపలి వైర్లు, అన్నీ ఆ కాలానివే. అసలుదే," అన్నాడు చివరికి. ఆయన చెప్పిన ధరకు అమ్మితే గాలివానకు ఎగిరిపోయిన పైకప్పే కాదు, మన కొట్టం మొత్తం కొత్తగా కట్టుకోవచ్చు.

బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్న నాన్నకు చెప్పాను. "ఇన్నేళ్ళూ నేను కూడా మోసపోయాననే అనుకున్నానే. మీ అమ్మ ఒక్కతే నమ్మింది," అన్నాడు.

అమ్మాలో వద్దో ఇంకా తేల్చలేదు, వడ్రంగిని అప్పుడే పిలవకు. కుక్క కాలు మానిందా? కోళ్ళ గది తలుపు రాత్రిళ్ళు మూస్తున్నావా? ఆదివారం అమ్మ సమాధి దగ్గర పూలు పెట్టి, ఈ సంగతి పైకి వినబడేలా చెప్పి రమ్మన్నాడు నాన్న. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
వెర్లీన్